శుక్రుడి మీద ఆడపేర్లు, కొండల మీద మన పేర్లు

(రంపచోడవరంలో గిరిజన మహిళలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, పట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముందు కాసేపు ఆకాశం గురించి మాట్లాడతాను. ఒక నేలకు పేరు ఎవరు పెడతారు, ఎవరి పేరు పెడతారు, ఆ పేరు ఏ పుస్తకానికి ఎక్కుతుంది అన్న ప్రశ్న మన కొండల్లో ఎలా ఉందో, మనిషి కాలు పెట్టని గ్రహం మీద కూడా అలాగే ఉంది. అక్కడ షావుకారు లేడు, భూస్వామి లేడు, ఫారెస్టు గార్డు లేడు. ఉన్నదల్లా నేల, దానికి పేరు పెట్టే అధికారం. అందుకని ఆ అధికారం ఎలా పనిచేస్తుందో అక్కడ విడిగా కనిపిస్తుంది. అక్కడ చూసి ఇక్కడికి వద్దాం.

తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికో నీళ్లకో బయల్దేరే వేళ తూర్పున మెరిసే వేగుచుక్క మీ అందరికీ తెలుసు. అది చుక్క కాదు, శుక్రగ్రహం. మన భూమిలాగే రాతి నేల ఉన్న గ్రహం. దాదాపు భూమి అంత పెద్దది. మన పురాణాల్లో శుక్రుడు మగవాడు, రాక్షసులకు గురువు. శుక్రవారం మాత్రం లక్ష్మీదేవి పూజకు వదిలారు. రోమన్లకు ఆ గ్రహం వీనస్, ప్రేమకూ అందానికీ దేవత. ఆకాశ పటాలు గీసినవాళ్లు పాశ్చాత్యులు కావడంతో రోమన్ల పేరే నిలబడింది. ఆ ఒక్క పేరు అక్కడి కొండలకూ గుంటలకూ ఏ పేర్లు రావాలో కూడా నిర్ణయించింది.

శుక్రుడి నేలను కంటితో చూడలేం. దట్టమైన మేఘాలు ఎప్పుడూ కప్పి ఉంటాయి. కింద వేడి సుమారు 460 డిగ్రీలు. గాలి ఒత్తిడి మన భూమి మీదకన్నా 90 రెట్లు. అందుకని రాడార్ తరంగాలు పంపి, అవి తగిలి వెనక్కి వచ్చిన తీరును బట్టి నేల ఆకారం తెలుసుకున్నారు. 1960లలో భూమి మీది నుంచే ఈ పని మొదలైంది. 1978లో అమెరికా పంపిన పయొనీర్ వీనస్, 1983లో సోవియట్ యూనియన్ పంపిన వెనెరా 15, 16, ఆ తర్వాత 1990 నుంచి 1994 వరకు మెజెలాన్ నౌక ఆ గ్రహం చుట్టూ తిరిగి పటం పూర్తి చేశాయి. నేల బయటపడుతున్నకొద్దీ పేర్ల అవసరం వచ్చింది. పేరు లేకపోతే ఏ కొండ గురించి రాస్తున్నామో ఒక శాస్త్రవేత్త ఇంకొకరికి చెప్పలేరు.

ఈ పేర్లను ఆమోదించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం. 1919లో ఏర్పడింది. గ్రహాల మీది పేర్ల కోసం 1973లో ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టుకుంది. శుక్రుడి మీది భూరూపాలన్నిటికీ స్త్రీల పేర్లే పెట్టాలని నిర్ణయించింది. దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి. మొదట్లో రాడార్‌కు మెరుస్తూ కనిపించిన రెండు ప్రాంతాలకు అప్పటికే ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరాల పేర్లు ఉన్నాయి. మూడోది ఒక పర్వత శ్రేణి. రాడార్‌కు ఆధారమైన విద్యుదయస్కాంత సిద్ధాంతం చెప్పిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పేరు దానికి ముందే పెట్టారు. ఆ పేర్లను అలాగే ఉంచారు.

మాక్స్‌వెల్ పర్వతాల ఎత్తు సుమారు 11 కిలోమీటర్లు. శుక్రుడి మీద అంతకన్నా ఎత్తైన చోటు లేదు. గ్రహమంతా ఆడవాళ్లకు ఇచ్చామన్నారు. శిఖరం మాత్రం మగవాడిది. మాక్స్‌వెల్ గొప్పతనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయినా పంచాయతీలో మహిళా సర్పంచులను గెలిపించుకుని, కుర్చీలో మాత్రం వాళ్ల భర్తలు కూర్చోవడం చూసినవాళ్లం కనుక, ఈ బొమ్మ మనకు కొత్తగా అనిపించదు.

దేవతలకు పీఠభూములు, మనుషులకు గుంటలు

ఇప్పుడు ఆ పేర్ల లోపలి వరస చూద్దాం. ఒక్కో రకం భూరూపానికి ఒక్కో జాబితా. పెద్ద ఖండాలకు ప్రేమ దేవతల పేర్లు. పీఠభూములకు సిరిసంపదల దేవతల పేర్లు. ఉంగరాల్లాంటి పెద్ద వలయాలకు భూదేవతలు, సంతానాన్నిచ్చే దేవతల పేర్లు. మైదానాలకు పురాణ కథానాయికల పేర్లు. గీతల్లాంటి రూపాలకు యుద్ధ దేవతలు. నిట్రంగా నిలబడిన చరియలకు ఇంటినీ పొయ్యినీ కాపాడే దేవతలు. కోట్ల కిలోమీటర్ల దూరం పోయినా పొయ్యి ఆడదేవతకే అప్పగించారు.

నిజంగా బతికిన స్త్రీల పేర్లు ఎక్కువగా ఉల్కలు పడి ఏర్పడిన గుంటలకు దక్కాయి. అగ్నిపర్వతాల నోళ్లలాంటి కొన్ని లోతట్టు చోట్లకు కూడా అవే. గుంట 20 కిలోమీటర్లకన్నా వెడల్పైతే ఏదో ఒక రంగంలో పేరు తెచ్చుకున్న స్త్రీ పేరు పెడతారు. ఆమె చనిపోయి కనీసం మూడేళ్లు కావాలి. గుంట చిన్నదైతే ప్రపంచ భాషల్లో ఆడపిల్లలకు పెట్టుకునే ఏదో ఒక పేరు చాలు. ఆ పేరు ఏ ఒక్క మనిషిదీ కాదు. అది అక్కడ ఉంటుంది కానీ దాని వెనక మనిషి లేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది. మనిషి ఉంటుంది, పేరు ఉండదు. 1951-52లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్లారు. చాలామంది స్త్రీలు ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని మాత్రమే నమోదయ్యారు. సొంత పేరు లేకుండా ఓటు ఇవ్వడం కుదరదని అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరికి సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితా నుంచి తీసేయవలసి వచ్చింది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, కాగితం మీద పేరు లేకపోతే హక్కు లేదని ఆ 28 లక్షల మందికీ మొదటి ఎన్నికలే చెప్పాయి.

శుక్రుడి మీద లక్ష్మి పేరుతో పెద్ద పీఠభూమి ఉంది. చుట్టూ పర్వతాలు, మధ్యలో రెండువేల కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఎత్తైన నేల. ఉషస్సు పేరుతో ఒక పర్వతం ఉంది. మన దేవతలకు చోటు బాగానే దక్కింది. మతపరమైన పేర్లు పెట్టకూడదని ఆ సంఘానికి ఒక నియమం ఉన్నా, లక్ష్మి వాళ్లకు పురాణ పాత్రగా కనిపించి ఉంటుంది. ఇక్కడ ప్రతి శుక్రవారం ఆమెకు దీపం పెట్టే ఇళ్లు ఎన్నో! ఒకరి పురాణం ఇంకొకరికి బతుకు. పేరు పెట్టే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఆ తేడా తేలుతుంది.

మన దేశపు మనుషుల సంగతికి వద్దాం. ఆనందీబాయి జోషి పేరుతో శుక్రుడి మీద ఒక గుంట ఉంది. ఆమె 1865లో పుట్టింది. తొమ్మిదేళ్లకే పెళ్లి చేశారు. 1883లో ఓడెక్కి అమెరికా వెళ్లి, 1886లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి డాక్టరు పట్టా తెచ్చుకుంది. మరుసటి ఏడాదే, ఇరవై రెండేళ్లు నిండకుండా చనిపోయింది. ఆమెకు పుట్టింట్లో పెట్టిన పేరు యమున. పెళ్లయ్యాక భర్త ఆనంది అని మార్చాడు. శుక్రుడి పటంలో చూస్తే యమునా లేదు, ఆనందీ లేదు. ‘జోషి’ అని ఇంటిపేరు ఒక్కటే ఉంది. చరిత్ర తెలియనివాళ్లు ఆ మాట చదివితే ఎవరో జోషిగారని అనుకుంటారు.

పండిత రమాబాయి సంగతి ఇంకా విచిత్రం. 1858లో పుట్టిన ఈమె సంస్కృతం చదివి, కలకత్తా పండితుల చేత పండిత అనిపించుకుంది. ‘స్త్రీ ధర్మనీతి’ రాసింది. వితంతువుల కోసం 1889లో బొంబాయిలో శారదా సదన్ పెట్టింది. ఆనందీబాయి పట్టా తీసుకున్న రోజున ఆ సభలో కూర్చుని చూసింది కూడా. లోకమంతా ఆమెను రమాబాయి అనే పిలిచింది. శుక్రుడి మీద ఆమె గుంట పేరు ‘మేధావి’. తెలుగులో ఈ మాటకు చక్కని అర్థం ఉంది కాబట్టి తెలివిగా పెట్టారనిపిస్తుంది. అది ఆమె భర్త బిపిన్ బిహారీ మేధావి ఇంటిపేరు. 1880లో పెళ్లి జరిగింది, 1882లో ఆయన పోయాడు. రెండేళ్లు కూడా నిండని కాపురం తాలూకు పేరు అక్కడ శాశ్వతంగా ఉండిపోయింది. బొంబాయి వైద్యురాలు జెరూషా జిరాద్ పేరుతో ఉన్న గుంటకు కూడా ఇంటిపేరే పెట్టారు, కాకపోతే అది ఆమె పుట్టింటి పేరు.

ఎవరో కుట్ర చేసి ఇలా చేశారని నేను అనడం లేదు. మగ శాస్త్రవేత్తల పేర్లు ఇంటిపేర్లతో పెట్టడం అలవాటు. ఆ అలవాటునే ఆడవాళ్లకూ వర్తింపజేశారు. మగవాడి ఇంటిపేరు పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారదు. ఆడదాని ఇంటిపేరు తండ్రిదో భర్తదో అవుతుంది. మగవాడి బతుకును కొలతగా పెట్టుకుని తయారైన నియమాన్ని ఇద్దరికీ సమానంగా వర్తింపజేస్తే, ఫలితం సమానంగా రాదు. చట్టాల విషయంలో మనం చాలాకాలంగా చెబుతున్న మాటే ఇది.

దారి చూపినవాళ్లు, పటం గీసినవాళ్లు

లక్ష్మీ పీఠభూమి మీద అగ్నిపర్వతపు నోటిలాంటి పెద్ద లోతట్టు ప్రదేశాలు రెండు ఉన్నాయి. ఒకటి ఫ్రెంచి రచయిత్రి కొలెట్ పేరు మీద, రెండోది సకజవియా పేరు మీద. ఈ సకజవియా ఆదివాసీ స్త్రీ. అమెరికాలో షోషోనీ తెగ పిల్ల. చిన్నప్పుడే వేరే తెగవాళ్లు ఎత్తుకుపోయారు. 1804-06 మధ్య లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు పడమటి సముద్రం దాకా దారి వెతుక్కుంటూ వెళ్లినప్పుడు, చంకలో పసిబిడ్డతో ఈమె వాళ్ల వెంట నడిచింది. దుబాసీగా మాట్లాడింది. తన వాళ్ల నేలకు దగ్గరపడుతున్నప్పుడు ఒక పెద్ద బండను చూసి ఇది మా చోటేనని గుర్తుపట్టింది.

ఆ అధికారులు దారి పొడవునా నదులకూ కొండలకూ పేర్లు పెట్టుకుంటూ పోయారు. ఒక చిన్న నదికి ఈమె పేరు కూడా పెట్టారు. తర్వాత వచ్చిన జనం దాన్ని ‘వంకర వాగు’ అని పిలిచి ఆ పేరు మరిపించారు. చాలా కాలానికి గానీ పాత పేరు తిరిగి రాలేదు. ఆ బండకు, ఆ నదులకు షోషోనీలు అంతకుముందే పెట్టుకున్న పేర్లు ఉన్నాయి కదా! పటం గీసినవాళ్లు వచ్చేదాకా అవి పేరులేని చోట్లు కావు. నేల గుర్తులు తెలిసిన ఆడమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ నేలకు తమ పేర్లు పెట్టుకుని వచ్చారు. ఇప్పుడు ఆమెకు ఎవరూ ఉండని గ్రహం మీద ఒక చోటు ఇచ్చారు.

చంద్రుడి మీది పేర్ల కథ ఇంకా పాతది. 1651లో ఇటలీకి చెందిన రిచ్చోలీ అనే మతాచార్యుడు చంద్రుడి పటం వేసి పండితుల పేర్లు పెట్టాడు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. తన పేరు కూడా ఒక గుంటకు పెట్టుకున్నాడు. దాని వెడల్పు దాదాపు 150 కిలోమీటర్లు. ఆ తర్వాత ఎవరికి తోచిన పేర్లు వాళ్లు పెట్టి గందరగోళం చేశారు. ఒకే గుంటకు మూడు పేర్లు, మూడు గుంటలకు ఒకే పేరు. ఈ చిక్కు విప్పినవారిలో ముఖ్యురాలు మేరీ బ్లాగ్ అనే ఇంగ్లీషు స్త్రీ. అన్నదమ్ముల పుస్తకాలు తిరగేసి తనంతట తానే లెక్కలు నేర్చుకుంది. పటాలన్నీ పక్కపక్కన పెట్టి, ఏళ్ల తరబడి పోల్చి, 1913లో ఒక జాబితా తెచ్చింది. 1935లో కార్ల్ మ్యూలర్‌తో కలిసి చంద్రుడి పేర్ల ప్రామాణిక గ్రంథం ఇచ్చింది. ఆమె పేరుతో చంద్రుడి మీద ఒక గుంట ఉంది. వెడల్పు సుమారు 5 కిలోమీటర్లు. బియ్యంలో రాళ్లేరే పని ఎక్కడైనా ఒకటే. ఏరినంతసేపూ ఎవరికీ కనపడదు.

మొత్తం చంద్రుడి మీద స్త్రీల పేర్లు బహు తక్కువ. హైపేషియా, కరోలిన్ హెర్షెల్, మేరీ క్యూరీ పుట్టింటి పేరు, వాలెంటీనా తెరిష్కోవా, కల్పనా చావ్లా, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టవలసి వస్తుంది. ఆడవాళ్లకు శుక్రుడు ఉన్నాడు కదా అంటారు. రైల్లో ఆడవాళ్లకు ఒక పెట్టె విడిగా ఇచ్చాక మిగిలిన పెట్టెలన్నీ మగవాళ్లవే అయినట్టు! 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగిన చోటుకు మన ప్రభుత్వం శివశక్తి అని పేరు పెట్టింది. 2024 మార్చిలో అంతర్జాతీయ సంఘం ఆమోదించింది. ఆ ప్రయోగంలో ఎందరో స్త్రీ శాస్త్రవేత్తలు పనిచేశారు. బతికున్నవారి పేర్లు పెట్టకూడదన్న నియమం ఉంది, సరే. కానీ పనిచేసింది మనుషులు, పేరు దక్కింది దేవతకు అన్నది మనకు బాగా తెలిసిన పద్ధతే.

తెలుగువాళ్ల సంగతి అడుగుతారేమో. బుధుడి మీది గుంటలకు కవులు, కళాకారులు, సంగీతకారుల పేర్లు పెడతారు. తెలుగులో కీర్తనలు రాసిన త్యాగరాజు పేరుతో అక్కడ ఒక గుంట ఉంది. కాళిదాసు, వాల్మీకి, వ్యాసుడు కూడా ఉన్నారు. అంగారకుడి మీది చిన్న గుంటలకు లక్షకన్నా తక్కువ జనాభా ఉన్న ఊళ్ల పేర్లు వాడతారు. అనంతపురం వైపు రాయదుర్గం పేరు అక్కడికి చేరింది. ఆ నియమం ప్రకారం రంపచోడవరం పేరు కూడా పెట్టవచ్చు. శుక్రుడి మీది పొడవైన కాలువలకు ఆ గ్రహాన్ని ఒక్కో భాషలో ఏమంటారో ఆ మాటే పేరుగా పెడతారు. మన వేగుచుక్క ఆ నియమానికి చక్కగా సరిపోతుంది. ఎవరైనా సూచించవచ్చు. సూచించిన పేరును బృందం పరిశీలించి, ఆమోదించి, అందరూ చూడగలిగే జాబితాలో ప్రచురిస్తుంది. ఎన్ని లోపాలున్నా నియమాలు రాసి ఉండడం, జాబితా బహిరంగంగా ఉండడం ఆ పద్ధతిలోని మంచి. మన కొండల విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు.

మన కొండల మీద

ఇక నేలకు దిగుదాం. ఈ దేశాన్ని కొలిచినవాళ్లు ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి 1865లో ఎవరెస్టు అని పేరు పెట్టారు. జార్జ్ ఎవరెస్టు సర్వే శాఖ పాత అధికారి. ఆ కొండకు టిబెట్టువాళ్లు చోమోలుంగ్మా అని ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. చోమో అన్నది స్త్రీ దేవత పేరు. సర్వే గొలుసు వచ్చిన ప్రతి చోటా ఈ కథే నడిచింది. స్థానికుల నోట్లో ఉన్న పేరును గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. వినపడనిది వదిలేశాడు. మిగిలిందానికి నంబరు వేశాడు. అడవి కంపార్టుమెంటు నంబర్లుగా, నేల సర్వే నంబర్లుగా మారింది.

మీ ఊళ్ల పేర్లలో చెట్లు, తీగలు, ఏళ్లు ఇంకా వినిపిస్తున్నాయి. మారేడుమిల్లి అంటే మారేడు గుర్తొస్తుంది. అడ్డతీగల అంటే, అడ్డాకులు కోసి, ఎండబెట్టి, విస్తళ్లు కుట్టి, గిరిజన సహకార సంస్థకో సంతలోనో అమ్ముకునే ఆడవాళ్లు గుర్తొస్తారు. గోదావరి ఒడ్డున గండి పోచమ్మ ఉంది. గండి అంటే కొండల మధ్య నది చీల్చుకుపోయిన చోటు. అది భూరూపం పేరు. పోచమ్మ దేవత పేరు. శుక్రుడి మీద కమిటీలు కూర్చుని చేసిన పనిని ఇక్కడివాళ్లు ఏ కమిటీ లేకుండా ఎప్పుడో చేశారు.

అయితే మురిసిపోవద్దు. చాలా నదులకు ఆడపేర్లు పెట్టిన దేశమిది. ఆ నది ఒడ్డున ఆడదాని పేర ఎకరం నేల లేదు. దేవత పేరు పెట్టడం సులువు, ఆమె పట్టా అడగదు. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1879 రంప పితూరీ గురించి చెప్పుకుంటే కారం తమ్మన్నదొర పేరు వస్తుంది. 1922-24 పోరాటమంటే అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర. 2022లో అల్లూరి పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. పితూరీలకు అడవిలో అన్నం మోసినవాళ్లు, కబురు మోసినవాళ్లు, పోలీసుల దెబ్బలు తిన్నవాళ్లలో ఆడవాళ్లు లేరా? వాళ్ల పేరు మీద ఒక వాగు కూడా లేదు.

నేను ఈ ఊళ్లలో తిరిగినప్పుడు గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. కొండ మీది చోట్ల పేర్లు ఎవరికి బాగా తెలుసని మగవాళ్లను అడిగితే పెద్దమనుషులకని చెబుతారు. నడిచి చూస్తే ఆడవాళ్లకు తెలిసినన్ని పేర్లు ఎవరికీ తెలియవు. దుంపలు తవ్వే మిట్ట వేరు, కొండచీపురు కోసే వాలు వేరు, ఎండాకాలంలో ఎండని ఊట వేరు, కరక్కాయలకు వెళ్లేటప్పుడు బిడ్డను పడుకోబెట్టే బండ వేరు. ప్రతి దానికీ పేరుంది. ఆ పేరు పనిలో పుట్టింది, తల్లి నుంచి కూతురికి వచ్చింది. ఏ పటంలోనూ లేదు.

ఈ పేర్లను ముచ్చట కోసం అడగడం లేదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టంలో వీటికి సాక్ష్యం విలువ ఉంది. సామూహిక హక్కు కోసం గ్రామసభ పెట్టే దరఖాస్తులో హద్దులు రాయాలి. ఆ హద్దులను ఆనవాయితీగా అందరికీ తెలిసిన గుర్తులతో చెప్పాలని ఫారంలోనే ఉంది. పెద్దల వాంగ్మూలం రాసుకుని సాక్ష్యంగా పెట్టవచ్చు. పాత బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు సాక్ష్యమే. పెద్దల వాంగ్మూలం అన్నారు గానీ మగ పెద్దలని ఎక్కడా రాయలేదు. అవ్వ చెప్పినా చెల్లుతుంది. కొండరెడ్లలాంటి ఆదిమ తెగలకు తమ సంప్రదాయ నివాస ప్రాంతం మొత్తం మీద ఆవాస హక్కు అడిగే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. ఆ ప్రాంతం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడిగినప్పుడు కంపార్టుమెంటు నంబరు చెబుతామా? వాగు పేరు, బండ పేరు, ఊట పేరు చెప్పాలి. చెప్పగలిగినవాళ్లు మాట్లాడకపోతే ఆ హద్దు లోపలికి జరిగిపోతుంది.

పోలవరం ముంపు ఊళ్లవాళ్లు మనలో ఉన్నారు. దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు లేచి కాలనీలకు వెళ్లాయి. ఇల్లు పోతే ఇంటికి లెక్క కట్టారు. పొలం పోతే పొలానికి లెక్క కట్టారు. ఊట పేరుకు, దుంపల మిట్టకు లెక్క కట్టే పద్దు లేదు. కాలనీలో పుట్టిన పిల్లకు ఆ పేరు చెప్పినా చూపించడానికి కొండ ఎదురుగా ఉండదు. రాసి పెట్టుకోకపోతే ఒక తరంలో పోతుంది. పరిహారం గురించి, మిగిలిన అడవి మీద హక్కు గురించి రేపు వాదించవలసి వస్తే చేతిలో ఆధారం ఉండదు.

ఇక పట్టా మీద పేరు. అదే చట్టంలో నాలుగో సెక్షన్ ఏమంటోందంటే, పెళ్లయినవారికి ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేర్లతో ఉమ్మడిగా నమోదు కావాలి. ఒక్కరే పెద్దగా ఉన్న కుటుంబమైతే ఆ ఒక్కరి పేరుతోనే ఇవ్వాలి, ఆడమనిషైనా సరే. ఇది అధికారి దయతో ఇచ్చేది కాదు, చట్టం. ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఇంటికి వచ్చాక ఇనప్పెట్టెలో పెట్టేయకండి. తీసి చదివించుకోండి. మీ పేరు ఉందా? సొంత పేరుతో ఉందా, ఫలానావాడి భార్య అని ఉందా? ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, పట్టాలో ఇంకో పేరు ఉందా? ఆనందీబాయికి ఆకాశంలో జరిగింది మీకు నేల మీద జరగకూడదు.

చివరగా మనం చేయగలిగిన పనులు చెప్పి ముగిస్తాను. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండాలి. ఆ చట్టం కింద జరిగే గ్రామసభలో, హాజరైనవాళ్లలో కనీసం మూడో వంతు మహిళలు లేకపోతే కోరం లేనట్టే. 2012లో సవరించిన నియమాలు ఈ మాట చెబుతున్నాయి. సంతకాల పుస్తకం ఇంటికి పంపితే వేలిముద్ర వేయకండి. సభకు వెళ్లి కూర్చోండి.

ప్రతి ఊళ్లో ఆడవాళ్లు నలుగురు కలిసి, ముసలివాళ్లను వెంటబెట్టుకుని, ఒక రోజు కొండ చుట్టూ నడవండి. కాలు ఆగిన ప్రతి చోటా ఆ చోటు పేరు రాయండి. కోయ మాటైతే కోయ మాటే రాయండి, తెలుగులోకి దిద్దకండి. రాయడం రాకపోతే ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్ల రాస్తుంది. ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా పక్కన రాయండి, ఇంటిపేరుతో సరిపెట్టకుండా వాళ్లను అందరూ పిలిచే పేరుతో. ఉపాధ్యాయినులు ఆ పటాన్ని బడి గోడ మీద గీయించండి. ఒక ప్రతి గ్రామసభ రికార్డులో తీర్మానంతో సహా పెట్టించండి. హద్దుల ఫారం నింపే రోజున ఆ కాగితం బల్ల మీద ఉండాలి.

శుక్రుడి మీద పేర్లు పెట్టినవాళ్లకు అక్కడ దున్నుకోవడానికి ఏమీ లేదు. అయినా ఒక్కో పేరుకూ కమిటీ వేసి, నియమాలు రాసుకుని, జాబితా భద్రం చేసుకున్నారు. మన బతుకంతా ఈ కొండల మీద ఉంది. పేర్లు చెప్పగలిగినవాళ్లు ఈ పందిట్లోనే కూర్చుని ఉన్నారు. వచ్చే గ్రామసభ లోపల రాయడం మొదలుపెడదాం.